రుచి చూడని చాయ్

మాది మోర్మన్ అనే క్రైస్తవ సంఘం. మాలో టీ తాగరు. కాఫీ కూడా అంతే. మూడో తరగతితో చదువు ఆపినదాన్ని, ఆ నియమం ఎందుకని నేను అడగలేదు. పాలూ పంచదారా మిగులుతాయని అందరికంటే ముందు మానేశాను. తరువాత కొన్నాళ్లు తలనొప్పి పట్టుకుని, కనిపించినవాళ్లందరినీ కసిరాను, అది వేరే సంగతి.

మూసాపేటలో మా పై వాటాలో సంఘం తరఫున బోధ చేసే ఆడపిల్లలు ఇద్దరు అద్దెకుండేవారు. ఒకతెది ఫిలిప్పీన్స్, ఒకతెది విశాఖ. ఒంటరిగా గడప దాటకూడదని వాళ్ల కట్టుబాటు. ఒక శనివారం విశాఖ పిల్లకు జ్వరమొచ్చింది. మా కోడలు ఆమె దగ్గర ఉండిపోయింది. ఫిలిప్పీన్స్ పిల్లకు జతగా నేను బయలుదేరాను.

వెళ్లేది మాదాపూర్‌లో హాస్టళ్ల సందులో టీ బండి పెట్టుకున్న ఆవిడ దగ్గరికి. నెల్లాళ్లుగా ఈ పిల్లలిద్దరి దగ్గర సంఘం పాఠాలు వింటోంది. మర్నాడు బాప్తిస్మం. దానికి ముందు, ఆ సాయంత్రమే, సంఘం పెద్ద ఒకాయన ఆవిడను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు. టీ మానేశావా అన్నది అందులో ఒకటి. మానాలన్న సంగతే ఈ పిల్ల ఆవిడకు ఇంకా చెప్పలేదు.

మెట్రోలో సీటు దొరికినా పిల్ల కూర్చోలేదు. తలుపు దాకా వెళ్లడం, తిరిగి రావడం.

"నెల్లాళ్లూ ఏం చెప్పావే మరి?" అన్నాను.

"ప్రార్థన చెప్పితిని, అమ్మమ్మగారూ. ఉపవాసము చెప్పితిని. దశమభాగము చెప్పితిని." బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆ పిల్లది.

"సంపాదనలో పదో వంతు ఇమ్మనడానికి నోరొచ్చింది గానీ, టీ దగ్గర పెగల్లేదా?"

"ఆమె ప్రతిసారి టీ ఇచ్చెను. కడుపునొప్పి అని చెప్పితిమి."

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ."

"నెల్లాళ్లూనా?"

పిల్ల కిటికీ వైపు తిరిగింది. ఇక నాకూ కుదురు పోయింది. ఒక స్టేషన్ ముందే లేచి నిలబడ్డాను.

మమ్మల్ని చూడగానే బండి ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "కడుపెట్లుంది బిడ్డా? ఇగో, వాము నీళ్లు కాసి పెట్టిన. గిన్ని దినాలు నొప్పంటే మంచిది కాదు, దవాఖానకు పోవాలె. మీరన్న చెప్పుండ్రి పెద్దమ్మా."

పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు. "అక్కా, నొప్పి లేదు. అబద్ధము చెప్పితిమి. మేము టీ త్రాగము. మీరు కూడా త్రాగకూడదు."

ఆవిడ గరిటె తీసుకుని పాలు కలిపింది.

"మరి టీ అమ్మొచ్చునా?"

"అమ్మవద్దని లేదు."

"రుచి చూడకుండ ఎట్ల అమ్మాలె?" ఆవిడ గొంతు పెంచలేదు. "అది సరే. నెల దినాల సంది వాము కాస్తున్న. దేవుని మాటలన్నీ చెప్పినోళ్లకు గిదొక్కటి చెప్పనీకి ఏమైంది?"

నొప్పి లేకపోయినా పిల్ల వాము నీళ్లు చుక్క మిగల్చకుండా తాగేసింది. ఆవిడ చోట నేనుంటే ఆ గ్లాసు లాక్కునేదాన్ని.

ఇంతలో టీ పొంగింది. ఆవిడ అలవాటుగా గరిటెతో అరచేతిలో ఇంత పోసుకుని నోటి దాకా తెచ్చింది. అక్కడే ఆగి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మెడలో ఐడీ కార్డుతో నిలబడ్డ కుర్రవాడికి సగం గ్లాసు అందించింది. "చక్కెర చూసి చెప్పు."

"జర తక్కువుంది ఆంటీ."

చక్కెర వేసి, మా వైపు చూడకుండానే అడిగింది. "ప్రశ్నలడిగే సారు ఎన్నింటికి రమ్మన్నరు?"

"అయిదు గంటలకు."

"బండి ఎవరు చూస్తరు?"

"నేను చూస్తాను, వెళ్లు," అన్నాను.

వాళ్లిద్దరూ ఆటో ఎక్కారు. ఒకే సీట్లో కూర్చున్నా మధ్యలో మరో మనిషి పట్టేంత ఎడం.

నేను టీ పోస్తూనే ఉన్నాను. ఆ వాసనకు నోరూరింది. రుచి మాత్రం చూడలేదు. ఆవిడ కాచింది అయిపోయాక నేను కాచిన టీ తాగినవాళ్లందరూ చక్కెర తక్కువైందన్నారు. పంచదార పరాయిదైనా వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ప్రతి ఆటో చప్పుడుకూ గరిటె ఆపి, సందు మొదట్లోకి చూస్తూ నిలబడ్డాను.