మేక రెండో కార్డు

శకుంతల కుడి భుజం నొప్పికి, ఆమె ఉద్యోగానికి వయసు ఒకటే. డెబ్బై ఏడులో హనుమకొండ పొలిమేరలోని ఒక కాలేజీలో, కంప్యూటర్ కార్డులు పొడిచే పనికి తాత్కాలికమని చేర్చుకున్నారు. తాత్కాలికం ఏడేళ్లు నడిచింది. పని చెప్పుకోవడానికి సులువే. టైపు మిషన్ లాంటి దాని ముందు కూర్చుని మీట నొక్కితే అట్టకార్డుకు చిల్లు పడుతుంది, నొక్కిన అక్షరం పైఅంచున సన్నగా అచ్చవుతుంది. పొద్దంతా అట్లా నొక్కి, వరంగల్ చౌరస్తాలో బస్సు దిగేసరికి చేతిసంచి కూడా బరువనిపించేది. ఇంటికి పోతే పొయ్యి ఎదురుచూస్తుండేది.

ఎనభై ఒకటిలో కిషన్ రావు సార్ తన నోటు పుస్తకం పట్టుకుని వచ్చాడు. జీవరసాయనం చెప్పే లెక్చరర్, మంచివాడు, కాకపోతే ఎదుటివాళ్లకూ అలుపుంటుందని తెలియని మనిషి.

"ఇదేం పని సార్? మాటలే లేవు, ఉత్త అక్షరాలేనాయె" అంది శకుంతల ఆ పుస్తకం తిరగేసి.

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నెత్తుర్ల ఊపిరి మోసే ప్రొటీన్ ఒకటుంటది శకుంతలా. పూలదండ అనుకో. ఏ పువ్వెనుక ఏ పువ్వన్నది జంతువుకో తీరు. ఒక్కో పువ్వుకు ఒక్క అక్షరం పెట్టుకున్నం. రెండు దండల్ని పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కవెడితే, ఎవలకెవలు దగ్గరి చుట్టాలో, ఎప్పుడు వేరువడ్డరో తెలుస్తది. చేత్తోని చేస్తే నా జన్మ సాలదు. కంప్యూటర్ చేస్తది."

కంప్యూటర్ చేస్తుంది సరే, దానికి తినిపించేది ఎవరు? శకుంతలే. ఆవు, బర్రె, గొర్రె, మేక, గుర్రం, కోడి, ఇంకా పదుల కొద్దీ జంతువులు, అన్నీ ఆమె వేళ్ల కిందుగానే పోవాలి. ఒక్కో జంతువుకు మూడు కార్డులు. పేరు మొదటి కార్డు మీదే ఉంటుంది, మిగతా వాటి మీద రెండు, మూడు అని అంకె మాత్రమే. ప్రతి కార్డు మీదా పేరు కొడితే భుజం ఊరుకోదని ఆమే పెట్టిన పద్ధతి అది. సార్ సరేనన్నాడు. నాలుగు నెలలకు ఆ అక్షరాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. కట్టలకు రబ్బరు బ్యాండ్లేసి, బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని సార్ రైల్లో హైదరాబాద్ పోయాడు, అక్కడి పెద్ద మిషన్ మీద ఆడించడానికి.

వారానికి తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మేక సూడు!" అని, చుట్టరికాలను చెట్టులా గీసిన మడతల కాగితం బల్ల మీద పరిచాడు. ఆవు, బర్రె, గొర్రె ఒకే కొమ్మ మీద కూర్చున్నాయి. మేక మాత్రం వాళ్లందరినీ వదిలేసి, కోడి దిక్కు జరిగి ఒంటరిగా నిలబడింది. "ఇసొంటిది ఎవ్వలు సూడలే. వచ్చే నెల హైదరాబాద్ల సభ ఉంది, అండ్ల చదువుత. నా డాక్టరేట్ అయినట్టే. నిన్ను పర్మనెంట్ చేయమని ప్రిన్సిపాల్‌కు నేనే రాస్త."

ఆ మాట వినడానికి ఎన్నేళ్లు ఎదురుచూసిందో! ఆ పూట బస్సులో నిలబడి వచ్చినా శకుంతలకు కాళ్లు గుర్తు రాలేదు.

తప్పు పొడిచిన కార్డులు ఇంటికి తెచ్చుకోవడం ఆ గదిలో అందరికీ అలవాటు. వెనక తెల్లగా ఉంటుంది, గట్టి అట్ట. అత్త లక్ష్మీనర్సమ్మ వాటి మీదే సరుకులు రాసి వంటింట్లో గోడ మొలకు గుచ్చేది. సభ ఇంకా పది రోజులుందనగా, పప్పు కడుగుతూ శకుంతల తలెత్తింది. ఫ్యాను గాలికి కార్డు తిరగబడింది. పైఅంచున అక్షరాలు కనిపించాయి.

చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. అది మేక రెండో కార్డు. చెడిపోయింది కాదు, నిక్షేపంలాంటిది. మరి డబ్బాలో ఉన్నదేది? కోడి రెండో కార్డు ఒకసారి తప్పు పోతే మళ్లీ పొడిచిన సంగతి గుర్తొచ్చింది. పారేయాల్సిన కోడి కార్డు మేక కట్టలోకి పోయింది, మేకది సంచిలో పడి ఇంటికొచ్చింది. రెంటి మీదా ఒకటే అంకె.

"ఏమైంది బిడ్డా? పప్పుల పురుగున్నదా?" అంది అత్త.

"ఏం లేదత్తమ్మా."

మూడు రోజులు ఏం లేదనే అనుకుంది. ఎవరడుగుతారు? మేక వచ్చి అడుగుతుందా? కానీ వంటింట్లోకి పోయినప్పుడల్లా ఆ కార్డు కిరోసిన్, పెసరపప్పు, చింతపండు అని మోస్తూ వేలాడుతుండేది. అబద్ధం మోయడానికి కూడా ఓపిక కావాలి. ఆమెకు ఉన్న ఓపికంతా ఆ మిషన్ ఎప్పుడో తాగేసింది. నాలుగో రోజు కార్డు పీకి సంచిలో వేసుకుపోయి, జరిగింది చెప్పి సార్ చేతిలో పెట్టింది.

సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కిరోసిన్ అన్న మాట మీద వేలు ఆపాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు సార్. మీకే."

"చెప్పకపోతే ఎవలకు తెల్వదు."

"నాకు తెలుసు గద సార్. రోజు దాన్ని సూసుకుంట వండుడు నాతోని కాదు."

సార్ కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. సభకు రావడం లేదని జాబు రాశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అన్ని మళ్ల పొడువాలె. ఈసారి ప్రతి కార్డు మీద పేరుండాలె."

శకుంతలకు ఏడుపు రాలేదు. కుర్చీ జరుపుకుని ఆవుతో మొదలుపెట్టింది.

ఈసారి కాగితంలో మేక బుద్ధిగా గొర్రె పక్కన కూర్చుంది. ఆ సంగతి పాలకుర్తి గొల్లలను అడిగినా చెప్పేవారు. సార్ డాక్టరేట్ ఎనభై నాలుగు దాకా సాగింది. పర్మనెంట్ కాగితం రాలేదు, ఆ ఏడే కార్డుల మిషన్లు తీసేసి తెరలున్న కంప్యూటర్లు పెట్టారు, శకుంతలను ఇక రావద్దన్నారు.

చివరి రోజు సార్ తన థీసిస్ తెచ్చి ఒక పేజీ తెరిచి ఇచ్చాడు. మేక విషయంలో జరిగిన పొరపాటును పట్టుకున్నది మా ఆపరేటర్ శకుంతల అని ఇంగ్లీషులో ఉంది. ఆ పొరపాటు చేసిందెవరో ఎక్కడా లేదు.

అలవాటు కొద్దీ ఆమె ముందు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి సరిచూసింది. ఒక్క తప్పూ లేదు. అప్పుడు ఏడ్చింది.