గరిక సాగు చేసిన ఘనుణ్ణి

ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని పొడి చేసే కొత్త రోటవేటర్ ఇంటికొచ్చిన రోజు నా కాళ్లు నేల మీద ఆగలేదు. మా చేనులో గట్టు పక్కన మంచమంత మేర గరిక పట్టింది. "దాన్ని తవ్వి వేళ్లతో సహా ఏరెయ్యాలి. ముక్కలు చెయ్యకండి" అంది నా భార్య. ఆమె చిన్నప్పట్నుంచీ కలుపు తీసిన మనిషి. నేనేమో ట్రాక్టర్ సీటెక్కిన మహానుభావుణ్ణి. "మిషన్ తిరిగితే గరికేంటి, దాని తాత కూడా పొడైపోతాడు" అన్నాను.

అన్నట్టే పొడి చేశాను. బ్లేడ్లకు చుట్టుకున్న వేళ్లు దులపకుండానే చేనంతా తిరిగాను. మట్టి పిండిలా మెత్తబడితే మురిసిపోయి ఫోటో కూడా తీసుకున్నాను.

వానలు పడ్డాక ప్రతి ముక్కా వేరు తన్నింది. నేను విత్తిన మొక్కజొన్న కంటే ముందే గరిక చేనంతా పరుచుకుంది. పక్క చేను పెద్దమ్మ గట్టు మీద ఆగి, "ఏరా, పశువులకు గడ్డి వేశావా? బాగా వచ్చిందే!" అని మెచ్చుకుంది.

"అవును పెద్దమ్మా" అన్నాను. అంతకంటే పరువైన జవాబు దొరకలేదు.

మరుసటి ఎండాకాలం రోటవేటర్‌ను షెడ్డులో పడేసి, గొర్రుతో నేలను పెళ్లగించాను. పైకి తేలిన వేళ్లు ఎండకు మాడాయి. మిగిలినవి నేనూ మా ఆవిడా ఏరి తట్టలకెత్తాం. నడుం పట్టేసి నేను కూలబడితే, "మిషన్‌కి నడుం నొప్పి రాదుగా, తెచ్చుకోండి" అంది ఆవిడ.

గరిక వదలడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. ఇప్పుడు ఎవరి చేనులో గరిక పట్టినా సలహాకు నా దగ్గరికే వస్తారు. నేను గొంతు సవరించుకునేలోపే మా ఆవిడ చెప్పేస్తుంది.