ప్రొజెక్టర్‌కు కట్టిన నిమ్మకాయలు

బళ్ళారిలో ఇనుప ఖనిజపు ఎర్రమట్టి బంగారం ధర పలుకుతున్న రోజుల్లో ఒక గని యజమాని మా కాలేజీకి కంప్యూటర్, ప్రొజెక్టర్ దానం చేశాడు. నేనప్పుడు భూగర్భశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. మా విభాగం పెద్దాయన వాటిని ఒక గదిలో పెట్టించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకోవడం ఒక్కటే తక్కువగా కాపలా కాశాడు. దుమ్ము పడుతుందట. ఆ గది తెరిచింది ఆయుధపూజకు. పీహెచ్‌డీలతో సహా లెక్చరర్లంతా చెప్పులు విప్పి లోపలికెళ్లి, లారీకి చేసినట్టే ప్రొజెక్టర్‌కూ నిమ్మకాయలు కట్టి, గంధం పూసి, కుంకుమ బొట్టు సరిగ్గా లెన్సు మీద పెట్టారు. పెట్టినాయన ఫిజిక్స్ లెక్చరర్. తుడిచింది నేను.

నా ఆశ ఒక్కటే. సండూరు కొండలు ఎలా పుట్టాయో కదిలే బొమ్మలతో ఒక పాఠం తయారు చేసుకున్నాను. సముద్రం అడుగున ఇనుము పొరలు పొరలుగా పేరుకోవడం, ఆ పొరలు ముడుచుకుని పైకి లేవడం. నా క్లాసులో సగం మంది ఆ కొండల కింది ఊళ్ల పిల్లలే. కొండలు తవ్వుకుపోయేలోగా ఒక్కసారైనా వాళ్లకది చూపించాలి. అడిగినప్పుడల్లా పెద్దాయన వచ్చే యేడు చూద్దామనేవాడు.

ఇంతలో యూనివర్సిటీ కమిటీ వస్తోందని కబురు. కొత్త సాధనాలతో పాఠం చెప్పడానికి అధ్యాపకులు ఎంత సిద్ధంగా ఉన్నారో చూస్తారట. రాత్రికి రాత్రే అందరూ సిద్ధమైపోయారు, మౌస్‌ను గాల్లో తిప్పే మహానుభావులతో సహా.

కమిటీ ముందు నా పాఠం పెద్దాయనే చెబుతానన్నాడు. బటన్ నొక్కడం నా వంతు. తెర మీద పొరలు ముడుచుకోవడం మొదలైంది. పిల్లలు పెన్నులు వదిలేసి ముందుకు వంగారు. నాకు ఒళ్లు పులకరించింది. అంతలో ఆయన చెయ్యెత్తాడు.

"నిలుపప్పా దాన్ని. అట్ల కదుల్తాంటే పిల్లోళ్లు యెట్ల రాసుకుంటారు?"

ఆపాను. ఆగిపోయిన బొమ్మ కింద ఉన్న నాలుగు వాక్యాలను ఆయన కామాలు, ఫుల్‌స్టాపులతో సహా రెండేసి సార్లు పలికి రాయించాడు. ఆ తర్వాతి బొమ్మలకూ అదే సేవ. కమిటీవాళ్లు తలలూపి, మా కాలేజీ అన్నివిధాలా సిద్ధంగా ఉందని మెచ్చుకుని భోజనానికి లేచారు.

ఆ కొండల కింది చోరనూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి నిలబడింది.

"మా కొండ యెట్ల లేసిందో ఒగసారి కదిలిచ్చి చూపీండి సార్."

పెద్దాయన ప్లగ్గు పీకుతూ, ప్రేమగానే జవాబిచ్చాడు.

"పరీక్షలో అది కదలదు కదమ్మా."

ఆ అమ్మాయి కూర్చుని పుస్తకం మూసేసింది. అంత ప్రేమగా అన్నందుకే ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.