ముక్కు మేస్త్రి తలతిరుగుడు

బూట్ల కార్ఖానాలో అందరూ అతన్ని ముక్కు మేస్త్రి అనేవారు. ముక్కు పొడుగనీ కాదు, ముక్కు మీద కోపమనీ కాదు. సోలుకి జిగురు పూశాక దాన్ని బూటుకి ఏ క్షణాన అతికించాలో ముక్కుతో చెప్పేవాడు. పచ్చిగా ఉండగా అతికిస్తే జారుతుంది, మరీ ఆరితే పట్టదు. వేలు పెట్టి చూస్తే పైపొర సంగతి తెలుస్తుందే తప్ప లోపలి పచ్చి తెలియదు. అందుకని మేస్త్రి సోలుని మూతి దాకా తెచ్చుకుని, కళ్ళు మూసుకుని ఒక్కసారి గట్టిగా పీల్చి, "ఊఁ, కానివ్వండి" అనేవాడు. అతను అతికించిన జోడు ఊడిపోయి వెనక్కి వచ్చిందన్న మాట లేదు.

అలాంటి మనిషి ఒకరోజు ఒకే జోడుకి రెండు ఎడమ సోళ్ళు అతికించాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. ఇంటికి నడిచి వెళ్తూ మాత్రం ఎడమేదో కుడేదో దారి పొడుగునా తనలో తనే చెప్పుకున్నాడు.

కొంతకాలంగా తల దిమ్ముగా ఉంటోంది. లేచి నిలబడితే గది పక్కకి ఒరుగుతోంది. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. మొన్న సొంత కూతుర్ని పిలవబోయి పేరు అందక, "ఇదిగో, నిన్నే" అని నెట్టుకొచ్చాడు. అతని తల్లి చివరి రోజుల్లో కొడుకుని గుర్తుపట్టేది కాదు. "నువ్వు ఎవరబ్బాయివి నాయనా?" అని ఎంతో మర్యాదగా అడిగేది. తిట్టినా బాగుండేది, ఆ మర్యాదే అతను ఈనాటికీ మరిచిపోలేదు. అమ్మకి వచ్చిందే తనకీ వచ్చిందని మేస్త్రి భయం. ఇంకే రోగమైనా సరే, అది మాత్రం కాకూడదు.

భార్యని వెంటబెట్టుకుని కాళ్ళరిగేలా తిరిగాడు. కళ్ళ డాక్టరు కళ్ళజోడు మార్చాడు. చెవుల డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి తలని కుండలా అటూ ఇటూ తిప్పాడు. పెద్ద డాక్టరు తలకి ఫొటో తీయించి, దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "అంతా శుభ్రంగా ఉంది. మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు, తగ్గించండి" అన్నాడు. ఆలోచించడం చేతకావడం లేదు బాబూ అని వెళ్ళినవాడికి ఆ మహానుభావుడు ఇచ్చిన సలహా అది! బావమరిది పొద్దున్నే నడవమన్నాడు. నడవబోయి ఎవరింటి గోడో పట్టుకుని కూలబడ్డాడు. పడుకుని ఫోను చూడటం మానమని భార్య పోరితే అదీ మానేశాడు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు, పగలంతా నువ్వు ఏం పని చేస్తావయ్యా అని అడిగిన పాపాన పోలేదు.

అడిగింది ఓ చిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ. అదీ ఎందుకంటే, మేస్త్రి కుర్చీలో కూర్చోగానే ఆవిడ మొహం చిట్లించింది.

"ఏమిటండీ ఈ వాసన?"

"ఏ వాసనమ్మా?" అన్నాడు మేస్త్రి. తన ఒంటికి పట్టిన వాసన ముక్కు మేస్త్రికే తెలియడం మానేసి ఎన్నాళ్ళయిందో!

ఆవిడ పని గురించి అంతా అడిగింది. సెలవుల్లో ఒంట్లో ఎలా ఉంటుందని కూడా అడిగింది.

"కార్ఖానా మూసినప్పుడు గుండ్రాయిలా ఉన్నాడండీ," అంది భార్య. "పని దొంగవని నేనే ఏడిపించాను."

"ఆ జిగురు ఆవిరే మీ తలకి ఎక్కుతోంది. పని మానేస్తే చాలావరకు తేరుకుంటారు. మానకపోతే పోయింది ఇక వెనక్కి రాదు," అంది డాక్టరమ్మ.

మేస్త్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్షరాలా సంతోషంతోనే. "అమ్మ జబ్బు కాదే!" అంటూ మెట్లు దిగుతూ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

ముందు యజమాని దగ్గరికి వెళ్ళి జిగురు గది కిటికీ తెరిపించమని బతిమాలాడు.

"తెరిస్తే దుమ్ము జిగురు మీద పడదూ? గాలికి పైన పొర కట్టదూ? నువ్వు చెప్పిందేగా మేస్త్రీ!" అన్నాడాయన.

నిజమే. ఆ కిటికీకి దగ్గరుండి మేకులు కొట్టించింది తనే. మేస్త్రి పని మానేశాడు.

కొన్ని వారాలకి తల తేటపడింది. పేర్లన్నీ తిరిగొచ్చాయి. కూతురు ఇంట్లో ఉన్నంతసేపూ అవసరం ఉన్నా లేకపోయినా ఆమెని పేరు పెట్టి పిలిచేవాడు. ఆ కూతురు అదే కార్ఖానాలో పక్క హాల్లో కుట్టుమిషను మీద పని చేస్తుంది. యజమాని ఆమెని తెచ్చి తండ్రి పీట మీద కూర్చోబెట్టాడు. "ఆ ముక్కు వాళ్ళ రక్తంలోనే ఉంది" అన్నాడట.

"ముక్కు దగ్గరికి మాత్రం తేకు తల్లీ," అన్నాడు మేస్త్రి. పిల్ల మాట విన్నది. వేలితో చూసి అతికించింది. బూట్లు బుట్టలకొద్దీ వెనక్కి వచ్చాయి. యజమాని అందరి ముందూ ఆమెని కడిగేశాడు. ఆ పీట మీద నువ్వయినా ఉండాలి, మీ నాన్నయినా ఉండాలి, లేదా మీ ఇంటినుంచి ఎవరూ రానక్కర్లేదన్నాడు. ఇల్లు గడిచేది ఆ పిల్ల జీతంతోనే.

ఆ సాయంత్రం ఆమె ఓ జిగురు డబ్బా, కొన్ని సోళ్ళు ఇంటికి తెచ్చుకుని గదిలో తలుపేసుకుంది. మేస్త్రి తలుపు తోసి చూసేసరికి ఆమె కళ్ళు మూసుకుని సోలుని మూతి దాకా తెచ్చుకుంటోంది. అచ్చం తనలాగే.

"ఏం చెయ్యను నాన్నా? ఇంకెలా తెలుస్తుంది?" అంది.

ఇంకెలా తెలుస్తుందో మేస్త్రికీ తెలియదు. ఆమె చేతిలోంచి సోలు లాక్కున్నాడు.

"నేను రేపటినుంచి వెళ్తానమ్మా. నీకు చెప్పలేదు గానీ, పెద్ద డాక్టరు మళ్ళీ చూశాడు. జిగురు కాదట. మీ నానమ్మకి వచ్చిందేనట."

"మరి ఇప్పుడు బాగానే ఉన్నావుగా?"

"మధ్యలో అలా తేరుకుంటుందట. ఖాళీగా కూర్చుంటే ఇంకా తొందరగా ముదురుతుందట. చేతులకి పని ఉండాలట."

పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెద్ద డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళిందే లేదని గుమ్మంలో నిలబడ్డ భార్యకి తెలుసు. ఆమె నోరు తెరవబోతే మేస్త్రి కళ్ళతోనే ఆపేశాడు.

ఇప్పుడు కూతురు మళ్ళీ మిషను దగ్గరే ఉంది. మేస్త్రి తన పీట మీద కూర్చుని "ఊఁ, కానివ్వండి" అంటున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమెని పిలవబోయి ఆగిపోతే, "ఫర్వాలేదు నాన్నా, నేనే" అని ఆమే తన పేరు చెబుతుంది. నానమ్మ జబ్బని ఆమెకి నమ్మకం. ఆ మాట వినపడినప్పుడల్లా తల్లి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.