పహిల్వానుకు జొన్న గటక

ఒక మనిషి ఇరవై ఏళ్లు తిని తిని సంపాదించుకున్న ఒంటిని నలభై రోజుల్లో జొన్న గటకతో కరిగించి, అతని బతుకుతెరువును నా చేతులతో నేనే ముంచేశాను. పగవాళ్లు కూడా చేయని పని. నేను జాలితో చేశాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నేను నవ్వడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మాది నిర్మల్ వైపు. రియాద్‌లో కఫీల్ ఇంట్లో, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని ఇంట్లో, వంటమనిషిని. ఆయనకు జపాన్ కుస్తీ అంటే పిచ్చి. సుమో అంటారట. గుండ్రటి బరిలో కొండల్లాంటి ఇద్దరు ఢీకొంటారు, బయటికి పోయినవాడు ఓడినట్టు. అది నేర్పే శిక్షణశాల పెడదామని ఆయన జపాన్ నుంచి ఇద్దరు పహిల్వాన్లను రప్పించాడు. ఒకడు పడుచువాడు, అతన్ని హోటల్లో దింపారు. రెండోవాడికి ముప్పై ఆరేళ్లు. మోకాలు దెబ్బతిని అక్కడి పోటీల నుంచి తప్పుకున్నవాడు. ఇతనికి మా ఇంట్లోనే మేడ మీద గది ఇచ్చి, వంట నాకు అప్పజెప్పారు. నలభై రోజులకు ఇద్దరికీ పోటీ. గెలిచినవాడు గురువుగా ఇక్కడే ఉంటాడు, ఓడినవాడు ఇంటికి పోతాడు.

మా డ్రైవరు, హైదరాబాద్ జబ్బార్ భాయ్, వచ్చీరాని ఇంగ్లీషులో అతనితో మాట్లాడి నాకు చెప్పేవాడు.

"లసుమక్కా, ఈయన పదిహేనేండ్లకే కుస్తీల చేరిండంట. పొద్దుగాల ఏం తినకుండ కసరత్తు చెయ్యాలె. మధ్యాహ్నం కడుపు పగిలేటట్టు తిని పండాలె. గదే నౌకరి."

"తిని పండుడు నౌకరా? మా ఊర్ల గసొంటోళ్లు శానమంది ఉన్నరు. ఎవలు జీతమిస్తలేరు."

"నవ్వకు అక్కా. ఆ ఒళ్లే ఆయన పనిముట్టు. ఒక్క కిలో తగ్గినా కఫీల్ ఊకోడు."

విన్నాను. తల కూడా ఊపాను. కానీ ఆ సాయంత్రం అతను మెట్లు దిగడం చూశాను. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి మోకాలి మీద, మెట్టు మెట్టుకూ ఆయాసం. అచ్చం మా ఆయన.

మా ఆయన ఇదే రియాద్‌లో తాపీమేస్త్రి. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. ఉన్న రెండు నెలల్లో రెండేళ్ల వంటా వండిపెట్టేదాన్ని. షుగర్ ఉందని డాక్టర్ చెప్పాక కూడా, "ఇంకింత పెట్టవే" అంటే నా చెయ్యి ఆగేది కాదు. చివరి సెలవులో కాలు తీసేశారు. ఆ తర్వాత మనిషే పోయాడు.

అందుకని ఈ పరాయివాడినైనా కాపాడదామనుకున్నాను. కఫీల్ వంటింట్లో, కఫీల్ సరుకులతో, కఫీల్‌కు తెలియకుండా. పులుసులో పైన నాలుగు మాంసం ముక్కలు, కింద అంతా సొరకాయ. అన్నం బదులు గుప్పెడు జొన్నరవ్వ ఉడికించిన గటక. అతనికి ధైర్యంగా ఉంటుందని నేను కూడా ఎదురుగా కూర్చుని అదే తినేదాన్ని.

మా ఇంట్లో మగవాడికి కడుపు నిండకపోతే కంచం మోగుతుంది, పక్కింటికి వినిపిస్తుంది. ఇతను ఒక్క మాట అనేవాడు కాదు. గిన్నె కడిగినట్టు తిని, చేతులు జోడించి, తల వంచి వెళ్లిపోయేవాడు. గటక ఎంత నచ్చిందో అని మురిసిపోయాను. ఆకలిని కూడా మర్యాదగా దాచుకునే మనుషులుంటారని నాకేం తెలుసు?

ప్రతి శుక్రవారం జబ్బార్ అతన్ని కాటా ఎక్కించేవాడు. అది ఇంట్లో వాడుకునే కాటా, నూట యాభైతో అంకెలు అయిపోతాయి. అతను కాలు పెట్టగానే ముల్లు చివరిదాకా పరుగెత్తి, గోడకు గుద్దుకున్నట్టు ఆగేది. "బరాబర్" అనేవాడు జబ్బార్. అయిదో శుక్రవారం ముల్లు నూట నలభై నాలుగు దగ్గరే నిలబడిపోయింది.

"అక్కా, కాటా ఖరాబైంది."

"అయ్యుంటది," అన్నాను, గోడ వైపు చూస్తూ.

జబ్బార్ తానెక్కి చూసుకున్నాడు. దిగి, మళ్లీ ఎక్కాడు. "నాది మంచిగనే చూపెడుతుంది," అంటూ తిన్నగా వచ్చి కుండ మూత తీశాడు.

"ఇదేంది?"

"గటక."

"ఎన్ని దినాల సంది?"

"వచ్చిన కాడి సంది."

"ఏనుగుకు చీమ తిండి పెట్టినవు గదనే."

"ఆ మెట్లు దిగుడు నువ్వు చూడలే తమ్మీ. మా ఆయనా గట్లనే దిగేటోడు."

తిట్టబోయినవాడు కాస్తా కింద కూలబడ్డాడు. వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇంక ఆరు దినాలున్నయి. వండు," అన్నాడు.

పెళ్లివారికి వండినట్టు వండాను. కానీ అన్నాళ్లు చిన్నబోయిన కడుపు ఆరు రోజుల్లో పెరుగుతుందా? నాలుగో ముద్దకే అతని కళ్లలో నీళ్లు తిరిగేవి. నా కళ్లలో ఒకటో ముద్దకే తిరిగేవి.

పోటీ పెరట్లో డేరా కింద జరిగింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. నడుముకు కట్టిన గుడ్డ మీద అతని చర్మం వేలాడుతోంది, అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు. ఇద్దరూ వంగారు. ఒక్క ఢీ. తెరిచి ఉన్న తలుపును తోసినట్టు పడుచువాడు అతన్ని బరి బయటికి తోసేశాడు. నేను తుమ్మడానికి కూడా అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

తర్వాత అతను వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. "అంత నేనే చేసిన అని చెప్పు భాయ్," అని జబ్బార్‌ను బతిమాలాను. చెప్పాడు. అతను విని, నెమ్మదిగా ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

"తిండి తక్కువైందని రెండో దినమే ఎరుకైందంట."

"మరి అడగకపాయె?"

"నువ్వు గూడ ఎదురుంగ కూసొని గదే తింటివి గదా. ఇంట్ల కరువనుకున్నడంట. అడిగితె నీ వంతు తీసి పెడతవని నోరు మూసుకున్నడంట."

"బంగారు నల్లాలున్న ఇంట్ల కరువా?"

"నేనూ గదే అన్న. వంటింట్ల నల్లా ఇనుపదే గదా అంటుండు."

మర్నాడు అతన్ని విమానం ఎక్కించారు. కుస్తీ తప్ప ఇంకో పని నేర్చుకోలేదట. కట్టుకున్నవాడిని పెట్టి పెట్టి చంపుకున్నాను, పరాయివాడికి పెట్టక పొట్ట కొట్టాను.

గటక సంగతి బయటపడి, కఫీల్ నన్ను కూడా ఊరికి పంపించేవాడే. గెలిచిన పడుచువాడు అడ్డుపడ్డాడట. ఆ కబురు జబ్బారే తెచ్చాడు.

"నిన్ను తీసెయ్యొద్దన్నడు అక్కా. ఇంక మీద తనతోని కుస్తీకి ఎవలొచ్చినా, వాళ్లకు నువ్వే వండాల్నంట."

అందుకే మండుతున్న ఈ పొయ్యి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఎవరి కంచంలోనూ మా ఆయనను వెతకను. ఎంత కావాలో నోరు తెరిచి అడుగుతాను. చెప్పరా? చెప్పేదాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడతాను.