సుభానీ మాస్టారి గ్లుటమేట్ పాఠం

పెదపాడు దాటాక బస్సు కిటికీలోంచి నానిన తవుడు, నూనెచెక్క కలిసిన పుల్లటి వాసన వచ్చింది. చేపల చెరువులో చిల్లుల సంచుల్లో మేత నింపి కర్రలకు కడుతున్నారు. ఆ వాసనకు నా పక్కనున్నాయన ముక్కు మూసుకున్నాడు. నాకు సుభానీ మాస్టారు గుర్తొచ్చారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీలో ఆయన మాకు జీవరసాయన శాస్త్రం చెప్పేవారు. ఏలూరు నుంచి రైల్లో వచ్చేవారు. మా కుటుంబానికి ఒకప్పుడు ఉండి దగ్గర ఊరంత పొలం ఉండేది. నేను పుట్టేనాటికి పేరొక్కటే మిగిలింది. ఆ పేరు కోసం నేను ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు, తెలియని పాఠం కూడా. అది కనిపెట్టి మాస్టారు నన్ను "దొరగారూ" అని పిలిచేవారు. ఆ పిలుపులో వెటకారం ఉన్నా విషం ఉండేది కాదు.

మా ఆఖరి సంవత్సరంలో ఆయన చేతిలోంచి చాక్‌పీస్ జారిపడడం మొదలైంది. తర్వాత మాట ముద్దగా రాసాగింది. పరీక్షలు చేసి మోటార్ న్యూరాన్ జబ్బన్నారు. కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు అది. నయం చేసే మందు లేదు. మా పాఠాలు పూర్తిచేసే దాకా రాగలిగితే చాలన్నది ఆయన కోరిక. అమైనో ఆమ్లాల పాఠం నాడు బోర్డు దగ్గర నిలబడి నన్ను చూశారు.

"దొరగారూ, నా చెయ్యి పనిచెయ్యట్లేదు. మీ చెయ్యి కాస్త ఇవ్వండి."

ఆ గొంతులో ప్రాధేయపడడం లేదు, సిగ్గూ లేదు. దాహమేసి మంచినీళ్ళు అడిగినట్టు అడిగారు. నేను వెళ్ళి చాక్‌పీస్ అందుకున్నాను.

"గ్లుటమేట్ అని రాయండి. ఇదీ అమైనో ఆమ్లమే. ఒక నరకణం ఇంకోదానికి కబురు చెప్పడానికి దీన్ని వదులుతుంది. కబురందాక వెంటనే తీసెయ్యాలి. తియ్యకపోతే ఏమవుద్ది? చెరువులున్నవాళ్ళు చెప్పండి."

కొల్లేరు పక్క ఊరి నుంచి వచ్చే వెంకటలక్ష్మి లేచింది. "మేత మిగిలితే నీళ్ళు పాడైపోతాయండి. చేప తేలిపోద్దండి."

"అదేనమ్మా. నాలో జరిగేవాటిలో అదొకటని డాక్టర్లు అనుకుంటున్నారు. నేను వేసుకునే మాత్ర ఆ మేతను కొంచెం తగ్గిస్తుంది. చెరువును బాగుచెయ్యదు. పాడవడాన్ని కాస్త ఆపుతుందంతే."

ఈ మాట ఎవరి నోటనో ఏలూరు చేరింది. ఆయన భార్య రజియా గారు అమైనో ఆమ్లమే శత్రువనుకున్నారు. చేపలో, గుడ్డులో, పప్పులో ఉండేవి అవేనని తెలిసి అన్నీ మానిపించి చారన్నం పెట్టసాగారు. మాస్టారి చొక్కాలు వదులయ్యాయి. డాక్టరు బరువు తగ్గకూడదన్నా ఆయన చిక్కిపోయారు. కాలేజీకి రావడం మానేశారు.

ఓ ఆదివారం వెంకటలక్ష్మి, నేను కొర్రమీను కూర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం.

"ఆ విషం లోపలికి తేవద్దు బాబూ," అన్నారు రజియా గారు.

"తినే చేపలోది వేరు, నరాల మధ్య మిగిలేది వేరండి. మెదడు తనకు కావలసింది తనే చేసుకుంటుందండి. క్లాసులో మాస్టారే చెప్పారు," అన్నాను.

ఆవిడ భర్త వైపు తిరిగారు. "మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"మింగడం కష్టంగా ఉంది రజియా," అన్నారాయన నెమ్మదిగా. "నువ్వు మానిపిస్తే... హాయిగా ఉంది."

"ఇంత చదువూ చదివి, పథ్యం పేరు చెప్పి తప్పించుకుంటున్నారా?" ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ముళ్ళు తీసి చేపను అన్నంలో మెత్తగా మెదిపారు. మాస్టారు నాకేసి చూశారు. "దొరగారూ, చెంచా మీరు పట్టండి." ఒక్కో ముద్దకూ ఆగుతూ, గడ్డం దించి జాగ్రత్తగా మింగుతూ గిన్నె ఖాళీ చేశారు. మధ్యలో ఉప్పు తక్కువైందని వెంకటలక్ష్మిని దెప్పారు కూడా.

బరువు నిలిచింది. ఆయన మళ్ళీ రైలెక్కారు, తోటివాళ్ళ భుజాలు పట్టుకుని. ఆఖరి పాఠాలకు ఆయన కుర్చీలో కూర్చుంటే నేను చదివి బోర్డు మీద రాశాను. నేను తప్పు రాసినచోట ఆయన కనుబొమ్మ లేచేది. పాఠాలన్నీ పూర్తయ్యాయి. ఆ తర్వాతి ఏడాది ఆయన వెళ్ళిపోయారు.

మా పొలాలు తిరిగి రాలేదు. నా గర్వమూ పూర్తిగా పోలేదు. కానీ ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి, గొంతు తగ్గించకుండా, "ఇది నా వల్ల కావట్లేదండీ, సాయం చెయ్యండి" అనగలను.