సుత్తులు నిలిచిన చోట

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను కడప జిల్లా పోలీసు బ్యాండుకు మాస్టరుగా వేశారు. హోదా రిజర్వు ఎస్.ఐ. పోలీసు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపు మేళం అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కవాతుకు అడుగు కలపడం, పెద్ద అధికారులకు గౌరవ వందనం వాయించడం, విధుల్లో పోయినవాళ్ళకు చివరి వందనం పలకడం మా పని. పాడే మనిషి ఉండడు, మాటలుండవు. అంతా వాయిద్యమే.

ఆ ఏడు జమ్మలమడుగులో జనం కోసం సాయంత్రం పూట బ్యాండు ప్రదర్శన పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఈ ప్రాంతాన్ని కళ్ళకు కట్టే బాణీ ఒకటి ఉండాలట. పైనుంచి కోరడానికేం, ఎన్నైనా కోరతారు. నా దగ్గరున్నవన్నీ కవాతు బాణీలే. అప్పుడు క్లారినెట్ వాయించే కానిస్టేబుల్ ఓబులేసు తాను కట్టినదొకటి తెచ్చి చూపించాడు. నాపరాయి గనిలో ఒక పగలు జరిగిన కథ అది.

తెల్లవారడం ఫ్లూటుతో మొదలవుతుంది. రాళ్ళ లారీ ఎత్తెక్కే మూలుగు పెద్ద ఇత్తడి బాకాది. నలుగురు సైడ్ డ్రమ్ముల వాళ్ళు తోలు మీద కాకుండా అంచు మీద పుల్లలతో కొడితే అచ్చం సుత్తుల చప్పుడే. దాని మీద క్లారినెట్ కూనిరాగం తీస్తుంది. అది పని చేస్తూ పాడుకునే మనిషి. చివర్లో పెద్ద డ్రమ్మూ తాళాలూ ఒక్కసారిగా పడతాయి. రాతి గట్టు విరిగి ఆ మనిషి మీద పడిందన్నమాట. ఆ తరువాత క్లారినెట్ ఏడుస్తుంది.

ఆ మనిషి ఓబులేసు నాయన. కొడుకు పులివెందుల హాస్టల్లో చదువుకుంటున్నప్పుడు పోయాడు. కబురంది ఊరు చేరేసరికి మట్టి చేసేశారు. ఆ రోజు ఏం జరిగిందో తల్లి తిరుపాలమ్మ కొడుకుకు ఏనాడూ చెప్పలేదు. అడిగితే, "పోయినాడు నాయనా, ఇంగేముండాది" అని లేచి అవతలికి వెళ్ళేదట.

"మాటలతో అడిగితే చెప్పల్యా సార్. ఇది ఇంటే అన్నా నోరు తెరుస్తాదేమో" అన్నాడు ఓబులేసు. ఇంటి సంగతులు బ్యాండులోకి తేవడం నాకు బొత్తిగా గిట్టదు. బాణీ బాగుంది కనుక ఒప్పుకున్నాను.

జమ్మలమడుగులో చప్పట్లు బాగానే పడ్డాయి. పెద్ద డ్రమ్ము మోతకు పిల్లలు గంతులేశారు. ఆడవాళ్ళలో కూర్చున్న తిరుపాలమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. మేము వాయిద్యాలు వ్యానులో సర్దుతుంటే కొడుకు దగ్గరికి వచ్చింది.

"యాడ ఇంటివిరా ఆ చప్పుడు?" అని అడిగింది. గట్టు పడిన చప్పుడని చెప్పాడతను.

"నేను ఇంట్లోనే ఉంటి. గని అల్లంత దూరమే. నాకే చప్పుడూ ఇనపళ్యా. సుత్తులు నిలిచిపాయ. ఒకటి నిలిచె, ఇంగొకటి నిలిచె, అన్నీ నిలిచిపాయ. పెనం మీద రొట్టె అట్లనే ఇడిసిపెట్టి నడిచి పోతి."

ఇన్నేళ్ళకు ఆమె కొడుకుకు చెప్పింది అంతే. ఓబులేసు వ్యాను తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను చూడనట్టు తాళాల సంచి మూతి కట్టుకుంటూ ఉండిపోయాను.

తరువాతి ప్రదర్శన ప్రొద్దుటూరులో. ఓబులేసు బాణీ మార్చాడు. పెద్ద డ్రమ్ము మోత తీసేశాడు. అది కొట్టే హెడ్ కానిస్టేబులుకు కోపమొచ్చింది. "ఇంగ నేనేం జెయ్యాల సార్, చేతులు కట్టుకోని నిలబడాల్నా?" అన్నాడు. నిలబడమన్నాను. బ్యాండు వాళ్ళకు వాయించడం నేర్పొచ్చు గానీ ఆపడం నేర్పాలంటే తలప్రాణం తోకకొస్తుంది. సుత్తుల చప్పుడు చేసే నలుగురూ ఒకరి తరువాత ఒకరు ఆగాలి. చప్పుడు సన్నగిల్లకూడదు, చటుక్కున తెగాలి. కూనిరాగం కూడా మధ్యలోనే తెగాలి.

ఆ సాయంత్రం తిరుపాలమ్మను ముందు వరుసలో జంపఖానా మీద కూర్చోబెట్టారు. కూనిరాగం తెగింది. ఒక సుత్తి ఆగింది, రెండోది, మూడోది. నాలుగోదీ ఆగాక మైదానంలో చప్పుడు లేదు. నా చెయ్యి పైనే ఉంది. అది దించగానే క్లారినెట్ ఏడుపు అందుకోవాలి.

తిరుపాలమ్మ లేచింది. చెప్పులైనా వేసుకోకుండా మా వైపు నడిచి వచ్చింది. ఓబులేసు వరుస వదిలి ఎదురు వెళ్ళాడు. ఆజ్ఞ లేకుండా వరుస వదలడం మా కొలువులో శిక్షపడే తప్పు. ఆమె కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆపొద్దని చెప్పు నాయనా. కొట్టమని చెప్పు వాళ్ళకు" అంది.

నేను డ్రమ్ముల వైపు తిరిగి చెయ్యి ఆడించాను. నలుగురూ మళ్ళీ అందుకున్నారు. కొడుకు ఆమెను తీసుకుపోయి కూర్చోబెట్టేదాకా కొడుతూనే ఉన్నారు. జనం అదీ బాణీలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఓబులేసు మీద రిపోర్టు రాయలేదు. ఆ బాణీని మళ్ళీ ఏ ప్రదర్శనలోనూ పెట్టలేదు. పెట్టమని అతనూ అడగలేదు. పదవీ విరమణ దాకా కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెబుతూ వచ్చింది ఒకటే. వాయిద్యంతో ఎవరి కథైనా చెప్పొచ్చు. ఆ కథ అనుభవించిన మనిషి ఎదురుగా కూర్చుంటే, ఎక్కడ ఆపాలన్నది ఇక మాస్టరు చేతిలో ఉండదు.